సోగత్తూరులో నాలుగు రోజులు

యాత్ర అంటే కాశీయో, బదరీయో, కనీసం తిరుపతియో అయివుండాలని మన పాఠకుల అభిప్రాయమైతే ముందుగానే క్షమాపణ చెప్పుకుంటున్నాము. మేము వెళ్ళింది సోగత్తూరు. ధర్మపురి పట్నం పక్కనే వున్న పల్లె. గోపురం చూడడానికో, జలపాతంలో స్నానం చేయడానికో పోలేదు. మా చిన్నాయన మంచానికి అంటుకుపోయాడని కబురు వస్తే 2024 సంక్రాంతి సెలవులకు ఒక రోజు క్యాజువల్ లీవు జోడించుకుని, భార్యాపిల్లలతో బయలుదేరాము. అక్కడ చూసినదీ, విన్నదీ, చెన్నపట్నం తిరిగివచ్చాక నాలుగు పుస్తకాలు తిరగేసి తెలుసుకున్నదీ నలుగురికీ పనికివస్తుందని మా యింటావిడ అనడంవల్ల యిది రాస్తున్నాము.

సెంట్రల్లో కోయంబత్తూరు వైపు పోయే బండి ఎక్కి, జోలార్పేట దాటాక మొరప్పూరులో దిగాలి. అక్కడినుండి ధర్మపురికి బస్సు. ఒకప్పుడు మొరప్పూరు నుండి ధర్మపురికి బుల్లి రైలు వుండేది. 1906లో వేశారు, తరువాత హోసూరు దాకా పొడిగించారు, యుద్ధకాలంలో 1941లో మూసేశారు. మా తాతగారు ఆ రైలు ఎక్కినవారే. పక్కన పోయే ఎద్దులబండి వాళ్ళతో రైల్లోవాళ్ళు ఊరి కబుర్లు చెప్పుకుంటూ పోయేవారట. బస్సు అంత నెమ్మదిగా పోలేదుగానీ కిటికీలోనుంచి చూడడానికి తీరిక దొరికింది. ఎర్రనేల, నల్లరాతి గుట్టలు, రోడ్డుకు రెండువైపులా చింతచెట్లు, పూతకు వచ్చిన మామిడితోటలు, రాగి కోసిన మళ్ళు. యీ జిల్లా భూగర్భజలంలో ఫ్లోరైడు ఎక్కువ. పెద్దవాళ్ళ పళ్ళమీద గోధుమరంగు చారలు చూస్తేనే తెలుస్తుంది. 2013లో హొగేనక్కల్ నుండి కావేరి నీళ్ళు తెచ్చే పథకం మొదలయ్యాక ఆ బాధ తగ్గుముఖం పట్టింది.

ధర్మపురి పాతపేరు తగడూరు. అదియమాన్ నెడుమాన్ అంజి అనే రాజు యేలిన చోటు. తమిళదేశంలో యీయన పేరు తెలియని పిల్లవాడు వుండడు. తింటే దీర్ఘాయువు కలిగే ఉసిరికాయ ఒకటి యీయనకు దొరికితే, తాను తినకుండా అవ్వైయార్ అనే కవయిత్రికి యిచ్చాడట. ప్రజలకు రాజుకన్నా కవి ఎక్కువకాలం బ్రతికుండాలని ఆయన భావం. మన తెలుగువారికీ యీ వూరితో ఒక సంబంధం వుంది. రాయలసీమలో నేటికీ పేరు చెప్పుకునే మన్రో దొర కడప, బళ్ళారి సీమలకు రాకముందు 1792 నుండి 1799 వరకు యీ బారామహలు సీమలోనే శిస్తు లెక్కలు నేర్చుకున్నాడు. గుమాస్తా పని చేసేవాళ్ళం కాబట్టి శిస్తు లెక్కలంటే మాకు గౌరవం. అయితే యీసారి మా మనసులో తిరిగింది మన్రో దొర కాదు, ఆ ఉసిరికాయే. ఎందుకో ముందు తెలుస్తుంది.

సోగత్తూరుకు మా వాళ్ళు ఎప్పుడు వచ్చారో మాకు లెక్క తెలియదు. యింట్లో తెలుగు, వీధిలో తమిళం. చిన్నమ్మ "వాంగ వాంగ" అని వాకిట్లోకి ఎదురొచ్చి, "కాళ్ళు కడుక్కోండి నాయనా" అని లోపలికి తీసుకుపోతుంది. రెండు భాషలకూ మధ్య గోడలేని యిల్లు అది. ముందు తిన్నె, వెనుక పశువుల కొట్టం, ఆ వెనుక రెండు చింతచెట్లు, వాటి పక్కన ముళ్ళకంచె.

చిన్నాయనకు డెబ్బైరెండేళ్ళు. సహకార సంఘంలో లెక్కలు రాసి రిటైరైనవాడు. ఆయన దస్తూరి చూసే మేము దస్తూరి నేర్చుకున్నాము. యిప్పటికీ పండుగకు ముందు స్వహస్తంతో కార్డు రాస్తాడు. ఎనిమిదేళ్ళ క్రితం ఒక కార్డు వచ్చింది. మొదటి పంక్తి మామూలుగానే వుంది. పోనుపోను అక్షరాలు చిన్నవై, చివరి పంక్తి చీమలబారులాగా వుంది. కార్డులో చోటు చాలక యిరికించాడనుకున్నాము. తీరా చూస్తే కింద మూడు వేళ్ళ వెడల్పు ఖాళీ. అది జబ్బుకు మొదటి గుర్తని మాకు తెలియలేదు. మరుసటి సంవత్సరం కుడిచేయి వణకడం మొదలయింది. తమిళంలో నడుక్కువాదమంటారు, మన పాత వైద్యులు కంపవాతమన్నారు. 1817లో లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ దీన్నిగూర్చి చిన్న పుస్తకం రాసినందువల్ల డాక్టర్లు పార్కిన్సన్ జబ్బు అంటారు. మెదడు అడుగున నల్లగా వుండే చిన్న భాగంలో కణాలు ఏళ్ళతరబడి ఒక్కొక్కటే చచ్చిపోతాయి. అవి తయారుచేసే డోపమైన్ అనే పదార్థం తగ్గిపోయి, మనిషి ఆజ్ఞ కాలికీ చేతికీ అందడం ఆలస్యమవుతుంది. ఆఫీసర్ సంతకం పెట్టినా డిస్పాచిలో నిలిచిపోయిన కాగితంలాగా అన్నమాట.

మేము పోయేసరికి చిన్నాయన మంచంమీద కట్టెలాగా పడివున్నాడు. కళ్ళు మాత్రం మమ్మల్ని చూసి నవ్వినై. ముఖం నవ్వలేదు. ముఖకండరాలు కూడా బిగుసుకుపోవడం యీ జబ్బు లక్షణమట. జరిగిందేమిటో చిన్నమ్మ చెప్పింది.

దీపావళి తరువాత సంతలో ఒకాయన, యింగ్లీషు మాత్రలు నరాలను తినేస్తాయనీ, తన దగ్గర మూలికపొడి వున్నదనీ, పాలల్లో పూటకొక చెంచా వేసుకోమనీ చెప్పాడట. చిన్నాయన మాత్రలతోపాటే పొడీ మొదలుపెట్టాడు. మూడోరోజుకు చేయి వణుకు తగ్గింది. చెరువుకట్ట దాకా నడిచివచ్చాడు. యింటిల్లిపాదీ సంతోషించారు. చెంచా రెండు చెంచాలయింది. పదిరోజులకు మెడ, భుజాలు వాటంతటవే పాములాగా మెలికలు తిరగడం మొదలుపెట్టాయి. వాంతులు. రాత్రిపూట వాకిట్లో లేని మనుషులు కనబడడం. పొరుగావిడ గాలి సోకిందన్నది. చిన్నాయన భయపడి పొడీ మానేశాడు, మాత్రలూ మానేశాడు. మానిన నాలుగోరోజుకు యీ స్థితి. మా అక్క, అంటే చిన్నాయన కూతురు, భయపడి మాకు ఫోను చేసింది.

"మాత్రలు ఎందుకు మానినావు చిన్నాయనా?" అని అడిగాము.

మాట మెల్లగా, లోగొంతుకలో వచ్చింది. "ఎలుకలకు పెట్టి చూసిన మందురా అది. నేనేమి ఎలుకనా? మన మట్టిలో మొలిచినదైతే మన ఒంటికి పడుతుందనుకున్నా. అదీ పడలేదు."

దీనికి మా దగ్గర సమాధానం లేదు. వున్నది మా అక్క కూతురు దగ్గర. ఆ పిల్ల ఫార్మసీ పైచదువు చదువుతోంది. పండుగకు వచ్చింది. "తాతా, పొడి పొట్లం యిలా యివ్వు" అని తీసుకుని వాసన చూసి, నలిపి చూసి, మమ్మల్ని కొట్టం వెనక్కు తీసుకుపోయింది.

కంచెమీద ఒక తీగ ఎండి వేలాడుతోంది. కాయలు గుత్తులు గుత్తులుగా, వంకరగా, వాటిమీద బంగారురంగు నూగు. చూడడానికి పట్టుబట్టలా వుంది. మా చిన్నవాడు చెయ్యి పెట్టనే పెట్టాడు. తరువాత అరగంటసేపు ఆ యిల్లు యిల్లు కాదు. వాడు గెంతుతూ వుంటే చిన్నమ్మ పేడనీళ్ళు తెచ్చి పూసింది, మా యింటావిడ ఏడ్చింది, వాడి అక్క నవ్వింది. పాఠకులు గుర్తుపట్టేవుంటారు. దూలగొండి. బడిలో మేష్టారి కుర్చీమీద చల్లినవాళ్ళు మన పాఠకుల్లోనే కొందరుండాలి. మేము చల్లలేదు, చల్లినవాడి పక్కన కూర్చుని దెబ్బలు తిన్నాము. తమిళంలో దీన్ని పూనైక్కాలి అంటారు, పూనై అంటే పిల్లి. సంస్కృతంలో కపికచ్ఛువు, కోతికి దురద పుట్టించేది.

"మామా, పొడి యీ విత్తనాలదే. మాత్రలో వున్నదీ, యీ గింజలో వున్నదీ ఒకటే సరుకు. తాతయ్య ఒకే మందు రెండు దుకాణాలనుండి కొనుక్కుని తిన్నాడు" అన్నది ఆ పిల్ల.

ఆ రాత్రి తిన్నెమీద కూర్చుని ఆమె చెప్పిన కథ చిన్నాయన మంచంమీదనుండి వింటూనే వున్నాడు. కొంత ఆమె చెప్పింది, కొంత మేము తరువాత చదివి చేర్చుకున్నది.

ఆ సరుకు పేరు ఎల్-డోపా. 1913లో స్విట్జర్లాండులోని బాసెల్ నగరంలో గుగ్గెన్‌హైమ్ అనే రసాయనశాస్త్రజ్ఞుడు ఒకరకం చిక్కుడుగింజలనుండి దీన్ని వేరుచేశాడు. ఏమి చేస్తుందో చూదామని రెండున్నర గ్రాములు తానే మింగాడు. భళ్ళున వాంతి. యిది మందుగా పనికిరాదని పక్కన పెట్టేశారు. ఆ తరువాత 1937లో మన మద్రాసు యూనివర్సిటీ జీవరసాయన ప్రయోగశాలలో దామోదరన్, రామస్వామి అనే ఇద్దరు దూలగొండి గింజల్లో అదే ఎల్-డోపా వున్నదని కనుగొని, ఇంగ్లాండులోని జీవరసాయన పత్రికలో ప్రకటించారు. ముప్ఫైయేళ్ళుగా మేము ఆ యూనివర్సిటీ ముందు బస్సులో పోతున్నాము. యీ సంగతి మాకెవరూ చెప్పలేదు. అప్పటికి దాని ఉపయోగం లోకంలో ఎవరికీ తెలియదు కాబట్టి వాళ్ళ కాగితం కూడా ఫైలులో వుండిపోయింది.

ఫైలు తెరిచినవి కుందేళ్ళు. 1957లో స్వీడన్‌లో ఆర్విడ్ కార్ల్‌సన్ అనే ఆయన, తోటివారితో కలిసి, కుందేళ్ళకు రిసర్పిన్ అనే మందు యిచ్చాడు. యీ రిసర్పిన్ ఎక్కడిదనుకున్నారు? మన సర్పగంధ వేరులోది. రక్తపుపోటుకూ, పిచ్చికీ మన వైద్యులు ఏనాటినుండో వాడుతున్నదే. 1949లో బొంబాయి డాక్టరు రుస్తుం జాల్ వకీల్ ఆ వేరు రక్తపుపోటును ఎలా తగ్గిస్తుందో ఇంగ్లీషు వైద్యపత్రికలో రాసి లోకానికి తెలియజేశాడు. 1952లో బాసెల్ కంపెనీవారు అందులోని సారాన్ని వేరుచేశారు. ఎక్కువైతే యిది మెదడులోని డోపమైన్ నిలువను ఖాళీ చేస్తుంది. కార్ల్‌సన్ కుందేళ్ళు చెవులు వాల్చి, కదలకుండా, మా చిన్నాయనలాగే పడిపోయాయి. వాటికి ఎల్-డోపా సూదివేశాడు. కొద్ది నిమిషాల్లో చెవులు నిక్కబొడుచుకుని లేచి తిరిగాయి. పడగొట్టింది మన సర్పగంధ. లేపింది ఏ పదార్థమో అది మన దూలగొండిలోనూ వున్నది. మందు సీసా మాత్రం మనది కాదు, ఆ సంగతి నిజాయితీగా చెప్పాలి.

1960లో వియన్నాలో హార్నికీవిచ్ చనిపోయిన రోగుల మెదళ్ళు పరీక్షించి డోపమైన్ నిజంగానే తగ్గిపోయివుందని చూపాడు. మరుసటి సంవత్సరమే ఎల్-డోపా సూదితో మంచంలోని రోగులు లేచి నడిచారు. 1967లో అమెరికాలో కొట్జియాస్ అనే డాక్టరు కొద్దికొద్దిగా మోతాదు పెంచుతూ నోటిద్వారా యిచ్చే పద్ధతి కనిపెట్టాడు. తరువాత కార్బిడోపా అని మరొక మందు కలిపారు. అది దారిలో చిల్లర ఖర్చు కాకుండా ఎల్-డోపాను మెదడుదాకా చేర్చే కాపలాదారు. అది వున్నందువల్ల తక్కువ మోతాదు చాలుతుంది, వాంతులు తగ్గుతాయి. మాత్రలో ఆ కాపలాదారు వున్నాడు. చిన్నాయన దానిమీద పొడి తిన్నాడు. పొడిలోని సరుకూ భద్రంగా మెదడుకు పోయింది. మెలికలు తిరగక ఏమవుతుంది?

"అయితే పొడి మంచిదా, చెడ్డదా?" అని చిన్నమ్మ అడిగింది. ఆమెకు ఒక మాటలో జవాబు కావాలి.

ఒక మాటలో లేదు. 1995లో దూలగొండినుండి తయారుచేసిన ఒక మందును 60 మంది రోగులకు పన్నెండు వారాలు యిచ్చి చూస్తే గుణం కనిపించింది. 2004లో లండన్‌లో ఎనిమిదిమంది రోగులకు ఒకసారి మాత్ర, ఒకసారి గింజలపొడి, ఏది ఏదో వాళ్ళకు తెలియకుండా యిచ్చారు. 30 గ్రాముల పొడి మాత్రకన్నా త్వరగా పట్టింది, ఎక్కువసేపు నిలిచింది. కాబట్టి సంత మనిషి పూర్తిగా అబద్ధమాడలేదు. అయితే లండన్‌లో ప్రతి పొట్లంలోనూ ఎంత సరుకున్నదో కొలిచి యిచ్చారు. గింజ గింజకూ, పొలం పొలానికీ తేడా. ఒకచోట నూటికి మూడు పాళ్ళుంటే యింకొకచోట ఆరుంటుంది. చెంచా కొలతకు ఆ లెక్క తెలియదు. చిన్నాయన జీవితమంతా అణాపైసల్లో తేడా రాకుండా లెక్కరాసినవాడు. ఆ మాటకు మంచంమీద ఒకసారి తల కదిలింది.

యిక ఎలుకల సంగతి. "ఎలుక మీద ఏం చేస్తారే?" అని ఆయనే అడిగాడు. ఆ పిల్ల దాపరికం లేకుండా చెప్పింది.

ప్రాక్టికల్సులో ఎలుకకు హాలోపెరిడాల్ అనే మందు యిస్తారు. అది డోపమైన్‌కు తలుపు మూస్తుంది. ఎలుక బొమ్మలాగా బిగుసుకుంటుంది. దాని ముందుకాళ్ళు రెండూ అడ్డంగా కట్టిన ఒక కడ్డీమీద పెడతారు. మామూలు ఎలుక అయితే తటాలున దిగిపోతుంది. యిది పెట్టినచోటనే వుంటుంది. ఎన్ని సెకండ్లకు దిగిందో గడియారం చూసి రాయాలి. పరీక్షించే మందు యిచ్చి మళ్ళీ రాయాలి. యిది తలుపుకు గొళ్ళెం పెట్టడం వంటిది, గొళ్ళెం తీస్తే సరి. యింకొకటి యింటికి నిప్పుపెట్టడం వంటిది. స్వీడన్‌లోనే ఉంగర్‌స్టెడ్ అనే ఆయన 1968 నుండి చేసిన పద్ధతి. సన్నని సూదితో మెదడులో ఒకపక్క మాత్రమే ఆ నల్లకణాలను చంపే మందు పెడతారు. తరువాత కొన్ని మందులు యిస్తే ఎలుక గానుగెద్దులాగా ఒకేవైపు గుండ్రంగా తిరుగుతుంది. ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెడితే మందు బలం తెలుస్తుంది. దూలగొండి గింజనూ యిటువంటి ఎలుకలమీద పరీక్షించారు.

"అయితే ఎలుకకు నయమైతే మనిషికీ నయమేనా?" అని మేము అడిగాము. అక్కడే వున్నది చిక్కంతా. వణుకు తగ్గించే మందుల్లో ఎలుక చెప్పిన సాక్ష్యం చాలావరకు నిలిచింది. కణాలు చావకుండా ఆపే మందు కావాలంటే మాత్రం ఎలుక మాట నమ్మి ఎన్నోసార్లు మోసపోయారు. క్రియాటిన్ అనే పదార్థం చిట్టెలుకల్లో కణాలను కాపాడింది. అమెరికా, కెనడాలలో 1,741 మంది రోగులకు ఏళ్ళతరబడి యిచ్చి చూశారు. ఫలితం లేదని 2013లో ఆపేశారు. కోఎంజైమ్ క్యూటెన్ అని మన మందులషాపుల్లో ఖరీదుగా అమ్మేది వుంది చూడండి, దాన్నీ 600 మంది మీద చూసి లాభం లేదని 2014లో ప్రకటించారు. ఎలుకకు వారంలో కణాలు చంపుతారు, మనిషికి యిరవై ఏళ్ళు పడుతుంది. ఎలుక పడుచుది, రోగి ముసలివాడు. మనిషికి వేలు వణికేనాటికే సగానికి పైగా కణాలు పోయివుంటాయి. యిల్లు కాలాక గొళ్ళెం తీసి ఏమి లాభం? ఆ మందు, అంటే జబ్బు నడకనే ఆపే మందు, యిది రాసేనాటికి ఎవరి దగ్గరా లేదు. వున్నదని సంతలో ఎవరైనా అంటే పొట్లం తీసుకోకుండా వచ్చేయండి.

ఏ జంతువన్నది కూడా ముఖ్యమే. 1982లో కాలిఫోర్నియాలో మత్తుమందు సూదులు వేసుకునే కొందరు పడుచువాళ్ళు రాత్రికి రాత్రి కొయ్యబారిపోయారు. లాంగ్‌స్టన్ అనే డాక్టరు కూపీ లాగితే, దొంగచాటుగా తయారుచేసిన మందులో ఒక విషం కలిసిందని తేలింది. ఆ విషం ఎలుకకు పెద్దగా హాని చేయలేదు. కోతికి యిస్తే అచ్చం మనిషికి వచ్చినట్టే వచ్చింది. ఎలుకనొక్కదాన్నే చూసి మందును దోషరహితమని రాసివుంటే ఎంతటి ప్రమాదం! ఆ కోతులనుండి తెలుసుకున్నదానివల్లనే మెదడులో సన్నని తీగ పెట్టి విద్యుత్తు పంపే చికిత్సకు దారి ఏర్పడింది. యిప్పుడు మన దేశపు పెద్ద ఆసుపత్రుల్లోనూ చేస్తున్నారు.

చిన్నాయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత "ఆ కుందేళ్ళు, ఎలుకలు, ఆఖరుకు ఏమవుతాయే?" అన్నాడు.

ఆ పిల్ల తలవంచుకుంది. "చంపి మెదడు చూడాలి తాతా. నొప్పి లేకుండా చేయాలని నిబంధన. అది ఎలా చేస్తామో ముందే ఫారంలో రాసి కమిటీకి యివ్వాలి. ఎన్ని ఎలుకలు, ఎందుకు అన్ని, తక్కువతో ఎందుకు కుదరదు, అన్నీ అడుగుతారు. నేను పన్నెండు అడిగితే ఆరుతో చేయమన్నారు."

ఫారాలంటే మేము ఆఫీసులో విసుక్కునేవాళ్ళమే. ఆ ఫారం మాత్రం మాకు నచ్చింది. అది ఊరికే రాలేదు. కళాక్షేత్ర స్థాపించిన రుక్మిణీదేవి అరుండేల్ రాజ్యసభలో జంతుహింస నివారణకు బిల్లు తెచ్చారు. ప్రభుత్వమే చట్టం తెస్తుందని నెహ్రూగారు మాట యిచ్చాక ఆమె బిల్లు ఉపసంహరించుకున్నారు. 1960లో చట్టం వచ్చింది. జంతువులమీద ప్రయోగాలకు పర్యవేక్షణ సంఘం ఆ చట్టం కిందిదే. మా యింటావిడ మాత్రం, "ఆరైనా ఆరు ప్రాణాలే గదా" అన్నది. మేము ఎదురుచెప్పలేదు. ఆ పిల్లా ఎదురుచెప్పలేదు.

అదియమాన్ ఉసిరికాయ అప్పుడు మళ్ళీ జ్ఞాపకం వచ్చింది. ఆయన దాన్ని ముందు ఏ కుందేలుకూ పెట్టి చూడలేదు. అవ్వైయార్ అదృష్టవంతురాలు.

మరునాడు భోగి. చిన్నాయన పాత డాక్టరుగారికి ఫోను చేస్తే, మాత్రలు హఠాత్తుగా ఆపడం చాలా ప్రమాదమనీ, తక్కువ మోతాదుతో వెంటనే మొదలుపెట్టమనీ, కనుమనాడు తీసుకురమ్మనీ చెప్పారు. "ఏ గింజదైనా ఒకటే సరుకంటున్నావు గదే, యివ్వు" అని చిన్నాయన మనవరాలి చేతిలోనుంచి మాత్ర తీసుకున్నాడు. ఆ పిల్ల, అన్నానికీ పప్పుకూ అరగంట ముందే వేసుకోవాలనీ, పప్పుతో కలిస్తే మందు సరిగ్గా ఒంటపట్టదనీ చెప్పింది. సంక్రాంతినాటి సాయంత్రానికి లేచి కూర్చున్నాడు. కనుమనాడు ఆటోలో ధర్మపురికి వెళ్ళి వచ్చాము. డాక్టరుగారు పొడి పొట్లం చూసి కోప్పడలేదు. "యిది మందే, అందుకే భయం" అని దాన్ని తన బల్ల సొరుగులో పెట్టుకున్నారు.

యింకొక సంగతి చెప్పడం మరచాము. పండుగ పొద్దున చిన్నాయన నడవాలోనుంచి వాకిట్లోకి రాబోయి గడపదగ్గర ఆగిపోయాడు. కాళ్ళు నేలకు అతికించినట్టు. కడ్డీమీద ఎలుక మా కళ్ళముందు మెదిలింది. పట్టుకుని లాగబోతే పడబోయాడు. అంతలో చిన్నమ్మ వాకిట్లో ముగ్గు వేస్తున్నది లేచి, ముగ్గుపిండి చేతితోనే వచ్చి, గడప లోపల నేలమీద జానెడుకొక గీత చొప్పున నాలుగు అడ్డగీతలు గీసింది. చిన్నాయన గీతలు చూస్తూ ఒక్కొక్కటే దాటుకుంటూ, తడబడకుండా వాకిట్లోకి వచ్చాడు. మేము నోరు తెరుచుకుని చూశాము. యిది వైద్యులకూ తెలిసిన సంగతేనట. చదును నేలమీద నిలిచిపోయే కాలు, దాటడానికి గీత కనిపిస్తే కదులుతుంది. చిన్నమ్మకు ఎవరూ చెప్పలేదు. ఒక పండుగకు ముగ్గుమీద నడిచిరావడం చూసి తానే పసిగట్టింది.

బయలుదేరేముందు మాత్రల వేళలు, ఏడు, పదకొండు, మూడు, ఏడు, పెద్ద అక్షరాలతో రాసి బీరువాకు అంటించాము. చిన్నాయన కళ్ళజోడు పెట్టుకుని చదివి, "మూడు గంటలదానికి సున్న సరిగా చుట్టలేదురా" అన్నాడు. చిన్నమ్మ చింతపండు, రాగిపిండి మూట కట్టి యిచ్చింది. బస్సులో మా చిన్నవాడు చేయి గోక్కుంటూనే వున్నాడు.

మొన్న అక్క ఫోను చేసింది. నెల పైబడినా గడపదగ్గర గీతలు యింకా వున్నాయట. చిన్నమ్మ రోజూ పొద్దున వాకిలి ముగ్గుతోపాటు లోపలి నాలుగు గీతలూ వేస్తోందట.